చాయ్ గ్లాసు కడగడానికి ఓ కుళాయి కావాలి

సంపాదకులకు నమస్కారం.

కేంద్రం 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులను నిషేధించాక హైదరాబాద్‌లో చాయ్ బండి నుంచి ఐటీ కంపెనీ క్యాంటీన్ దాకా ఎక్కడ చూసినా పేపర్ కప్పే. కాగితమే కదా, మట్టిలో కలిసిపోతుందని చాలామంది నమ్మకం. వాడిన కప్పు ఒకటి రాత్రంతా నీళ్లలో నానేసి, పొద్దున బయటివైపు నుంచి వేళ్లతో నలిపి చూడండి. కాగితం గుజ్జుగా ఊడొస్తుంది, లోపల పలచటి పొర మిగులుతుంది. అది పాలిథీన్. చాయ్ కారకుండా పట్టి ఉంచేది అదే. పాత పేపర్లు కొనేవాళ్లు ఈ కప్పులు తీసుకోనిదీ దానివల్లే. మామూలు కాగితం మిల్లులో ఆ పొర గుజ్జు నుంచి సులువుగా విడిపోదు. పైగా పాలు, చక్కెర అంటిన కప్పు తడిచెత్తలో పడితే ఎరువు పాడు, పొడిచెత్తలో పడితే మిగతా కాగితం పాడు. చివరికి చేరేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే.

ఆరోగ్యం సంగతీ ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 85 నుంచి 90 డిగ్రీల వేడి ద్రవాన్ని 100 మిల్లీలీటర్లు పేపర్ కప్పులో పోసి 15 నిమిషాలు ఉంచితే, అందులోకి దాదాపు 25,000 ప్లాస్టిక్ రేణువులు దిగాయి. ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పులను తమిళనాడు 2019లోనే నిషేధ జాబితాలో చేర్చింది.

అయితే గాజు గ్లాసు గానీ పింగాణీ కప్పు గానీ చేతికి రాగానే పర్యావరణం బాగుపడినట్టు కాదు. ఈ లెక్క కొంచెం ఓపిగ్గా చూడాలి. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ హాకింగ్ 1994లో కప్పుల తయారీకి పట్టే శక్తిని లెక్కగట్టారు. పింగాణీ కప్పుకు 14 మెగాజౌళ్లు, గాజుకు 5.5, పేపర్ కప్పుకు 0.55, థర్మకోల్ కప్పుకు 0.2 (ఒక యూనిట్ కరెంటు అంటే 3.6 మెగాజౌళ్లు). మెషీన్‌లో కడిగే ఖర్చు కూడా కలిపితే, పేపర్ కప్పుతో సమానం కావడానికే పింగాణీ కప్పును 39 సార్లు, గాజును 15 సార్లు వాడాలి. థర్మకోల్‌తో పోలిస్తే పింగాణీని వెయ్యిసార్లు వాడాలి! శక్తి ఒక్కటే చూస్తే థర్మకోలే గెలుస్తుంది. కానీ నాలాల్లో పేరుకుపోయి మూసీలో తేలే చెత్త ఆ లెక్కలోకి రాదు. అందుకే ఏ ఒక్క కొలతనూ పట్టుకుని తీర్పు చెప్పకూడదంటున్నాం.

పైగా హాకింగ్ తూచిన పేపర్ కప్పు 8 గ్రాములకు పైనే ఉంటుంది. మన బండి మీద ఇచ్చే బుల్లి కప్పు రెండున్నర గ్రాములనుకుంటే, అదే లెక్కన దాని తయారీకి 0.165 మెగాజౌళ్లు చాలు. ఇప్పుడు ఒక గ్లాసును అరలీటరు వేడినీళ్లతో కడిగారనుకోండి. 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి 0.074 మెగాజౌళ్లు కావాలి. గ్యాస్ పొయ్యి మంటలో దాదాపు సగం గాలికే పోతుంది కాబట్టి ఖర్చు 0.13 దాటుతుంది. అంటే గ్లాసు కడగడానికీ కొత్త పేపర్ కప్పు చేయడానికీ పెద్ద తేడా లేదు. కుళాయి తిప్పి వదిలేస్తే ఇంకా నష్టం. నిమిషానికి 6 లీటర్లు వచ్చే కుళాయి కింద గ్లాసును 15 సెకన్లు పట్టుకుంటే లీటరున్నర నీళ్లు పోయినట్టే. వేసవిలో ట్యాంకర్ నీళ్లు కొనే బస్తీలో ఇది చిన్న విషయం కాదు.

అదే 100 గ్రాముల గాజు గ్లాసును చన్నీళ్లతో, పొదుపుగా కడిగితే 17 వాడకాలకే తయారీ ఖర్చు తీరిపోతుంది. రద్దీ ఉన్న కొట్టులో అది రెండు రోజుల పని. ఆ తర్వాత గ్లాసు పగిలేదాకా మిగులే. అంతా కడిగే పద్ధతిలో ఉంది.

ఇప్పుడు చాలాచోట్ల జరిగేదేమిటంటే, ఒకే బకెట్ నీళ్లలో గ్లాసు ముంచి తీసి మళ్లీ చాయ్ పోస్తున్నారు. కరోనా తర్వాత జనం ఎంగిలి గ్లాసు వద్దని పేపర్ కప్పు అడగడంలో తప్పేమీ లేదు. దీనికి మూడు టబ్బులు చాలు. ముందుగా గ్లాసులో మిగిలిన చాయ్ వంపి, చన్నీళ్లు చిలకరించాలి. నేరుగా వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గాజుకు అతుక్కుని తెల్లటి పొర కడతాయి. మొదటి టబ్బులో సబ్బునీళ్లు, పీచు. అంచు దగ్గర గట్టిగా రుద్దాలి, పెదవులు తగిలేది అక్కడే. రెండో టబ్బులో మంచినీళ్లు. మూడోదానిలో 10 లీటర్ల నీళ్లకు 5 శాతం బలమున్న బ్లీచింగ్ ద్రవం 10 మిల్లీలీటర్లు కలిపి, గ్లాసును పూర్తిగా మునిగేలా ఒకట్రెండు నిమిషాలు ఉంచాలి. ఈ నీళ్లు తెల్లబడ్డాయంటే పాల మురికితో క్లోరిన్ బలం చచ్చిపోయినట్టే, వెంటనే మార్చాలి. బాత్రూం కడిగే యాసిడ్ దరిదాపుల్లోకి రాకూడదు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. స్టీలు గ్లాసులకు క్లోరిన్ వద్దు, నానితే గుంటలు పడతాయి. వాటిని 77 డిగ్రీల నీటిలో బుట్టతో సహా అరనిమిషం ముంచితే సరిపోతుంది. చివర్లో చాలామంది చేసే తప్పు, భుజం మీది తువ్వాలుతో తుడవడం. అప్పటిదాకా పడ్డ కష్టమంతా వృథా. జాలీ మీద బోర్లించి ఆరనివ్వాలి. తడిగా ఉన్నప్పుడు ఒకదానిలో ఒకటి పెట్టకూడదు.

టబ్బుకు 10 లీటర్ల చొప్పున పోసి వంద గ్లాసులకు ఒకసారి మారిస్తే గ్లాసుకు 300 మిల్లీలీటర్ల నీళ్లు. ఒకేసారి పాతికమంది నిలబడే కొట్టుకు 60 గ్లాసులుంటే సరి. చేతుల్లో కొన్ని, టబ్బుల్లో కొన్ని, జాలీ మీద కొన్ని తిరుగుతుంటాయి.

మట్టి కప్పు గురించి కూడా చెప్పాలి. చాయ్‌కి మంచి వాసన వస్తుంది, కాదనం. కానీ కాల్చిన మట్టి మళ్లీ మట్టి కాదు. తవ్వకాల్లో వేల ఏళ్లనాటి పెంకులు దొరుకుతున్నది అందుకే. బట్టీలో కాల్చిన వస్తువును ఒక్కసారి వాడి పగలగొట్టడం కంటే పేపర్ కప్పే నయం.

ఆఫీసుల్లో మరీ సులువు. 500 మంది రోజుకు రెండేసి కప్పులు, ఏడాదికి 250 పనిదినాలు అనుకుంటే రెండున్నర లక్షల కప్పులు. మిషన్ పక్కన పేపర్ కప్పుల దొంతర తీసేసి, ఎవరి గ్లాసు వారు తెచ్చుకోమంటే చాలు. స్టీలు మగ్గులు నాలుగు కొని అల్మారాలో పెడితే మాత్రం లెక్క తిరగబడుతుంది. ఉన్న ఒక్కదాన్నే వాడాలి. మూత రబ్బరు రింగును విడదీసి కడగకపోతే పాల వాసన పోదు, వాసన వచ్చిన మగ్గును ఎవరూ ముట్టరు. ఇక వేడి చాయ్‌ని పలచటి కవర్లో పార్సిల్ కట్టించుకోవడం అన్నిటికన్నా అన్యాయం. ఫ్లాస్కు పట్టుకెళ్లండి.

బండివాళ్లను తిట్టి లాభం లేదు. ఫుట్‌పాత్ మీద వాళ్లకు నీళ్లూ లేవు, కడిగిన నీళ్లు పోయే దారీ లేదు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. ఆ చట్టం కింద గుర్తించిన వెండింగ్ జోన్లలో పది బండ్లకు ఒక కుళాయి, చాయ్‌పత్తాను ఆపే జాలీతో డ్రైనేజీకి కలిపిన ఒక తొట్టి కట్టించమని నగరపాలక సంస్థను కోరుతున్నాం. వాననీటి నాలాకు కాదు, డ్రైనేజీకే కలపాలి. పెద్ద హోటళ్లకు, క్యాంటీన్లకు ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు కప్పులు కడిగే ఏర్పాటును కళ్లతో చూశాకే సంతకం పెట్టాలి.

ఇట్లు,
ఘనవ్యర్థాల నిర్వహణ రంగంలోని ఇద్దరు ఇంజనీర్లు,
తార్నాక, హైదరాబాద్