పందెం నేనే గెలిచాను

సోంపేట,
ఆదివారం రాత్రి

ఒరే మావా,

ఆరో తరగతిలో మనం వేసుకున్న పందెం గుర్తుందా? నత్తగొట్టు కొంగ నత్తని ముక్కుతో పటుక్కున పగలగొట్టి తింటుందని నువ్వు, కాదని నేను. నాకేం తెలిసి అన్నాను గనక, నువ్వు అవునన్నావు కాబట్టి కాదన్నాను, అంతే. ఓడినోడు రెండు గోలీసోడాలు కొనాలి. తీసి ఉంచు.

ఈ జూన్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఒక జూమ్ కెమెరా కొన్నాను. ధర చెప్పను, మా ఆవిడ ఈ ఉత్తరం చదువుతుంది. అప్పట్నుంచి సెలవొస్తే మన చిత్తడి నేల, అదే బీల, దాని గట్టు మీదే నా మకాం. 2010లో థర్మల్ ప్లాంటు వద్దని మనవాళ్ళు కొట్లాడి నిలుపుకున్న బీలే, ఇప్పుడు కొంగలకి హోటల్. "కొంగలకి ఫొటోలేట్రా, పెళ్ళిచూపులకా?" అని అమ్మ రోజూ ఎత్తిపొడుపు.

మొదటి నెల తీసినవన్నీ దండగ. తెల్ల పిట్ట ఎండలో సున్నం ముద్దలా వచ్చేది, ఈక కనబడితే ఒట్టు. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించి, పొద్దున్నే సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని కూర్చున్నాక దారికొచ్చింది. కూర్చోవడమే అసలు కష్టం. జలగలు!

పోయిన వారం ఒక కొంగ ఇరవై అడుగుల దూరంలో నీళ్ళలోంచి నత్తని తీసింది. ముక్కు మధ్య ఆ సందు ఉంటుంది చూడు, అడకత్తెరలా, అందులో పెట్టి నొక్కుతుందనుకున్నాను. నొక్కలేదు. నత్తని బురదకి అదిమిపట్టి, కింది ముక్కు కొనని గుల్ల మూత కిందకి దూర్చింది. ఏదో కోసినట్టు తల రెండుసార్లు ఆడించి మాంసం బయటికి లాగేసింది. అది ఎగిరిపోయాక దిగి గుల్ల వెతికాను, ఒక్క బీట లేదు! నేను బొమ్మలు తీసిన వాటిలో నాకు బాగా నచ్చింది ఆ ఖాళీ గుల్లే. పక్క పొలం తాతకి చూపిస్తే నవ్వాడు. "గుల్లని కొరికితే ముక్కు ఉంటాదేటి బాబూ?" ఇన్నేళ్ళూ ఆయన్ని అడక్కుండా నువ్వూ నేనూ కొట్టుకున్నాం.

ఇంకోటి. పిల్లలకి ఆ సందే ఉండదు, పెద్దయ్యాక వస్తుంది. మొన్న తేలుకుంచి వెళ్ళి గోధుమరంగు పిట్టలు చూసి ఇదేదో వేరే జాతి దొరికిందని తెగ ఎగిరాను. తీరాచూస్తే ఇవే పిల్లలు. అక్కడ ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు. ఊళ్ళోవాళ్ళు వాటి మీద రాయి వెయ్యనివ్వరు. పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఒకడు దగ్గరి ఫొటో కోసం కొమ్మ ఊపాడు, తల్లి లేచిపోగానే కాకి దిగింది. నాకు ఒళ్ళు మండింది, కానీ నాకంటే ముందే ఒక అవ్వ చీపురు పట్టుకుని వచ్చేసింది.

నువ్వడిగిన గూడబాతు, అదే పెలికాన్, ఫొటో మాత్రం లేదు. తేలినీలాపురంలో అవి దిగాక వెళ్తాను. అవి సైబీరియా నుంచి వస్తాయని అక్కడ ఎవరన్నా చెప్తే తలూపు గానీ నమ్మకు, అది మన దక్షిణాసియా పక్షే.

సంక్రాంతికి వస్తానన్నావు, అప్పటికి తేలుకుంచి చెట్లు ఖాళీ అయిపోతాయి. దీపావళికి రా. పాత చెప్పులు తెచ్చుకో. సోడాలు ఇక్కడే కొందువుగాని, నాకు నిమ్మకాయది.

నీ
మావ