చేనుకు దొరికే మందు కంటికి దొరకదా?

సంపాదకులు గారికి,

సార్వా కోతలు మొదలవుతున్నాయి. తేమ శాతం, గోనె సంచులు, ధాన్యం డబ్బులు ఎప్పుడు పడతాయన్న వార్తలు మీ జిల్లా పేజీల్లో రోజూ వస్తుంటాయి. రావాలి కూడా. కానీ ఈ రోజుల్లోనే కంట్లో వడ్ల నుసి పడో, వరి ఆకు గీసుకునో చూపు పోగొట్టుకునే కూలీల గురించి ఎక్కడా ఒక్క ముక్క కనపడదు. అందుకే ఈ ఉత్తరం.

మిషన్లు వచ్చాక ఆ బాధ పోయిందనుకుంటారు చాలామంది. పోలేదు. తుపాను వానకు చేను పడిపోయిన ఏడాది మిషను దిగదు, కొడవలి పట్టాల్సిందే. తడిసిన పనలు చేలోనే ఉండిపోతే బూజు పడతాయి. తర్వాత వాటిని ఆరబెట్టి కొట్టేటప్పుడు లేచే దుమ్ములో ఆ బూజు కూడా లేస్తుంది. రోడ్డు పక్కన ధాన్యం ఎగరబోసేవాళ్లకూ, కోనసీమలో కొబ్బరి వొలిచేవాళ్లకూ ఇదే ముప్పు. నల్లగుడ్డు మీది అద్దం లాంటి పొర కాస్త గీరుకుంటే చాలు, ఫంగస్ అక్కడ పట్టి పుండు చేస్తుంది. 1991 నుంచి 2000 దాకా తమ దగ్గరికి వచ్చిన ఇలాంటి 1,352 కేసులను హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు పరిశీలించారు. సగానికి పైగా కంటికి ఏదో ఒకటి తగిలాక వచ్చినవే. ఎక్కువమంది ఒళ్లొంచి పనిచేసుకునే వయసువాళ్లే.

కిందటి దాళ్వాలో మా చేలో గడ్డిమోపులు కట్టిన ఒకావిడకు ఇదే జరిగింది. కంట్లో ఏదో గుచ్చుకుందంది. ముందు నందివర్ధనం రసం పోశారు, తర్వాత మందుల షాపుకు వెళ్లారు. అక్కడ చీటీ అడగలేదు, చుక్కల మందు చేతిలో పెట్టారు. రెండు రోజులకు "ఎరుపు విరిగిపోయిందండి, ఇంక పరవాలేదు" అని పనిలోకి వచ్చేసింది. ఆ తర్వాతి వారం గుడ్డు మీద తెల్లమచ్చ లేచింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. ఇప్పుడా కంట్లో పువ్వు, వెలుతురు తప్ప ఏమీ ఆనదు. ఆ సీసా నేను చూశాను. యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అని ఉంది, అంటే స్టెరాయిడ్. స్టెరాయిడ్ వాపునూ ఎరుపునూ అణిచేస్తుంది కాబట్టి మనిషికి హాయిగా అనిపిస్తుంది. లోపల ఫంగస్‌తో పోరాడాల్సిన ఒంటి శక్తినీ అదే అణిచేస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు అది. ఆ మాట సీసా మీదే అచ్చు వేసి ఉంటుంది, చదివేవాడేడీ?

అసలు మందు లేక కాదు. నాటామైసిన్ అని ఒకటుంది. 1955లో దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతపు మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా తయారుచేసే పదార్థం. ఫంగస్ కణపు పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు ఉంటుంది. ఈ మందు దానికి అతుక్కుంటుంది, దాంతో కణం లోపలికి తిండి వెళ్లే దారులు మూసుకుపోతాయి. మన ఒంటి కణాల్లో ఎర్గోస్టెరాల్ లేదు, బాక్టీరియాలోనూ లేదు. అందుకే ఇది ఫంగస్‌ను తప్ప వేరేదాన్ని ముట్టుకోదు. మింగినా పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు ఎక్కదు కాబట్టి బూజు పట్టకుండా చీజ్ పైభాగానికి కూడా పూస్తారు. ప్యాకెట్ మీద ప్రిజర్వేటివ్ 235 అని రాసి ఉంటే అదే. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు జనం పరుగులు పెట్టి వెతికిన యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కూడా మట్టి బాక్టీరియా ఇచ్చిందే.

మన రైతులకు ఈ కుటుంబం కొత్తేమీ కాదు. వరిలో పాముపొడ తెగులుకు కొట్టే వాలిడామైసిన్, అగ్గితెగులుకు కొట్టే కాసుగామైసిన్ కూడా స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా నుంచి వచ్చినవే. వాలిడామైసిన్ లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లని మా ఊళ్లో కుర్రాళ్లను నిద్రలేపి అడిగినా చెబుతారు. (ఆ డబ్బాలను కంటి దరిదాపులకు రానివ్వకూడదని వేరే చెప్పక్కర్లేదు.) చేనుకు తెగులొస్తే సాయంత్రానికల్లా మందు దొరికే ఊళ్లో, కంటికొచ్చిన తెగులుకు నాటామైసిన్ అడిగితే "ఆర్డరు పెట్టాలండి" అన్నారు.

ఇది కొనుక్కుని ఎవరికి వాళ్లు వేసుకునే మందు కాదని కూడా చెప్పాలి. పుండు బాక్టీరియాదైతే దీనివల్ల పైసా ఉపయోగం లేదు. గుడ్డు లోతుకు ఇంకే గుణం దీనికి తక్కువ, కాబట్టి పుండు పైపైన ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. నీళ్లలో కరగదు, సీసాను బాగా కుదిపి వేయాలి. కంట్లో తెల్లగా పేరుకుంటే భయపడక్కర్లేదు, అది మందే. మొదటి రోజుల్లో గంటకో రెండు గంటలకో చుక్క, ఆ తర్వాత వారాల తరబడి కొనసాగించాలి. కూలి మానుకుని అన్నాళ్లు ఇంట్లో కూర్చోవడం ఎవరికి సాగుతుంది? సగంలో ఆపేసేది అందుకే. అయినా వొరికొనజోల్ అనే ఖరీదైన కొత్త మందు కన్నా ఇదే నయమని తమిళనాడు, పుదుచ్చేరిల్లోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. 2013లో అచ్చయింది. వొరికొనజోల్ వాడినవాళ్లలో గుడ్డుకు చిల్లులు పడ్డ కేసులు ఎక్కువ కనిపించాయి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాటామైసిన్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఫంగస్ అవునో కాదో తేల్చడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పుండు అంచు కాస్త గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే దారాల్లాంటి పోగులు కాసేపట్లో కనపడతాయి. మలేరియా కోసం రక్తం చూసే టెక్నీషియన్‌కు నేర్పితే రాని పనేం కాదు.

ఉభయ గోదావరి, కోనసీమ, ఏలూరు జిల్లాల అధికారులను కోరేది ఇదే. నవంబరు నుంచి జనవరి దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో, కంటి డాక్టరున్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ చుక్కలు, ఈ పరీక్ష సిద్ధంగా ఉంచండి. చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మే షాపులను డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కోతల కాలంలోనైనా ఒక చూపు చూడాలి. రైతు సేవా కేంద్రాల్లో పురుగుమందుల బోర్డు పక్కనే "కంట్లో నుసి పడితే నలపొద్దు, మంచినీళ్లతో కడగండి, నొప్పి తగ్గకపోతే మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని రాయిస్తే ఖర్చేమీ కాదు. కళ్లద్దాలు పంచుతామంటే వద్దనను గానీ, ఆ ఉక్కలో, ఆ చెమటలో ఎవరు పెట్టుకుంటారో నాకైతే అనుమానమే. మీ వ్యవసాయం పేజీలో తెగుళ్ల మందుల పట్టిక వేసే రోజున ఈ సంగతి కూడా ఒక మూల వేయగలరని మనవి.

ఇట్లు,
ఒక చిన్న రైతు,
పెనుగొండ మండలం, పశ్చిమ గోదావరి జిల్లా