అమ్మే మాట ఇప్పుడే వద్దు

ఒరేయ్ దోస్తూ,

నిన్న ఫోన్లో "కొడుకు రమ్మంటున్నాడు, కాజీపేట ఇల్లు అమ్మేసి ఇద్దరం వచ్చేస్తం" అన్నవు చూడు, అప్పటి నుంచి నాకు మనసున పడతలేదు. రావద్దని అనను. మేమిద్దరం బిడ్డ దగ్గర ఉంటున్నం కదా, మీరూ ఇదే న్యూజెర్సీకి వస్తే నాకంటే సంతోషపడేవాడు ఎవడుంటడు? కానీ ఇల్లు అమ్మకు. రెండేళ్లు కిరాయికి ఇచ్చి చూడు.

ముందు మీవాడికి పౌరసత్వం వచ్చిందా, గ్రీన్ కార్డు మీదే ఉన్నాడా అడుగు. 21 ఏళ్లు నిండిన పౌరులే తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టగలరు. ఇంకా రాకపోతే ఈ తొందరంతా ఎందుకు? విజిట్ వీసా మీద వచ్చి చూసిపోండి, మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. మనోళ్లంతా ఓరుగల్లు ఎండలు తట్టుకోలేక మే నెలలో వస్తారు, పార్కులు పచ్చగా కనిపిస్తాయి, ఏడాదంతా ఇట్లనే ఉంటుందనుకుంటారు. నువ్వు నవంబర్‌లో రా. జనవరిలో ఐదింటికే చీకటి, మెట్ల మీద మంచు గడ్డకట్టి కాలు పెట్టాలంటే భయం, కారు నడపడం రాకపోతే పాలకు కూడా పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. రోజూ భద్రకాళి బండ్ మీద నడిచే చెల్లె ఆ నాలుగు గోడల మధ్య ఉండగలదా లేదా అన్నది ఒక్క చలికాలంలో తెలిసిపోతుంది.

అసలు టెన్షన్ దవాఖాన ఖర్చు. 65 దాటితే మెడికేర్, అంటే ఇక్కడి సర్కారు ఆరోగ్య బీమా, ఉంటుందని ఎవరో చెప్పారన్నవు. ఇక్కడ ఎప్పుడూ పనిచేయని మనలాంటి వాళ్లు గ్రీన్ కార్డుతో వరుసగా ఐదేళ్లు ఉన్నాకనే అందులో డబ్బు కట్టి చేరొచ్చు, చేరినా నెలనెలా ప్రీమియం ఉంటుంది. ఆ ఐదేళ్లు ఏ ఇన్సూరెన్సు, నెలకు ఎంత, ఎవరు కడతారు? టికెట్ తీయకముందే కొడుకుతో కూర్చొని మాట్లాడు, మొహమాటపడకు. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకు ఇవ్వవు, నీకు షుగర్, చెల్లెకు బీపీ. మందులు మూడు నెలలకు మించకుండా డాక్టర్ చీటీతో తెచ్చుకో, చీటీ మీద కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించు. మన పారాసిటమాల్‌ను ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, ఆ ముక్క తెలియక జ్వరంతో షాపంతా తిరిగిన.

ఇంకోటి, నీ సిమ్. నేను మొదటిసారి వచ్చినప్పుడు రీచార్జ్ చేయక నంబర్ పోయింది, బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వచ్చేవి. పింఛను పడుతుంది, తీసుకునే దారి లేదు, తిరిగొచ్చి బ్రాంచిలో కాగితాలు ఇచ్చేదాకా ఐదు నెలలు బిడ్డను చేయి చాచి అడగాల్సి వచ్చింది, ఆ బాధ నీకొద్దు. ఏడాది రీచార్జ్ వేయించి, రోమింగ్ పెట్టించుకొని రా. రైల్వే పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ నవంబర్‌లోనే కదా, సర్కారు వాళ్ల జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఫోన్‌కు ముఖం చూపించి ఇచ్చేసి విమానం ఎక్కు.

స్థిరపడటానికే వస్తే సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్పించాలి. పరకాల పొలం అట్లనే ఉంచుకోవచ్చు, కానీ ఎన్ఆర్ఐ అయ్యాక కొత్తగా వ్యవసాయ భూమి కొనలేవు, గట్టు పక్క ఎకరం సంగతి ఇప్పుడే తేల్చుకో. తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ కూడా అక్కడుండగానే రిజిస్టర్ చేయించు, ఇక్కడి నుంచి పంపాలంటే తిరుగుడు ఎక్కువ.

గ్రీన్ కార్డు వచ్చాక ఆ పింఛను, ఎఫ్‌డీ వడ్డీ ఇక్కడి పన్ను లెక్కల్లో చూపాలి. అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అని వేరే లెక్క ఇవ్వాలి, నీ గ్రాట్యుటీ ఎఫ్‌డీ ఒక్కటే దాటుతుంది. ఇవ్వకపోతే జరిమానా చాలా పెద్దది. మేడారం జాతరకని ఇండియాకు పోయి ఏడాది దాటి ఉండిపోతే కార్డుకే ముప్పు. అన్నాళ్లు ఉండాల్సి వస్తే ఇక్కడి నుంచి బయల్దేరకముందే రీఎంట్రీ పర్మిట్‌కు, అంటే మళ్లీ లోపలికి రానిచ్చే అనుమతికి, పెట్టుకోవాలి.

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి మేం హన్మకొండలో ఉంటం. చెల్లెను తీసుకొని వేయిస్తంభాల గుడికి రా, ఆటయ్యాక ఇంటికి పోయి నీ కాగితాలన్నీ ముందరేసుకొని కూర్చుందాం. అప్పటిదాకా ఎవరి దగ్గరా బయానా తీసుకోకు. ఇల్లు అమ్ముడు మీద చెల్లె ఏమంటుందో నువ్వు ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదు, ఆమెనే అడుగుత.

నీ దోస్తు