అందరూ తలూపుతున్నారా, అయితే చూసుకో

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాను. మేనేజర్ అయ్యాక టీమ్‌లో అందరూ నీ మాట వింటున్నారని, మీటింగుల్లో ఒక్కడూ అడ్డు చెప్పట్లేదని తెగ సంబరపడిపోయావు. సంతోషమే గానీ నాకెందుకో కాస్త భయమేసింది. నువ్వు జోకు పూర్తి చెయ్యకముందే నవ్వేస్తున్నారా, ఒకసారి గమనించు.

చౌషెస్కు సంగతి గుర్తుందా? 1965 నుంచి రొమేనియాని ఏలినవాడు. 1989 డిసెంబర్ 21న బుకారెస్ట్‌లో బాల్కనీ ఎక్కి ప్రసంగం మొదలెట్టాడు. కింద ఇసకేస్తే రాలనంత జనం, చేతుల్లో ఆయన ఫొటోలు, బ్యానర్లు, అంతా ఎప్పటిలాగే. ఉన్నట్టుండి గుంపులోంచి కేకలు. మాట ఆగిపోయింది, ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆ వీడియో దొరికితే చూడు, ముఖంలో కోపం కన్నా అయోమయమే ఎక్కువ. మధ్యలో లైను కట్టయినట్టు మైకులో "హలో, హలో" అంటాడు. తేరుకుని జీతాలు పెంచుతానన్నాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. మర్నాడు సైన్యం జనం పక్షాన చేరింది, ఆయన హెలికాప్టర్లో పారిపోయాడు, 25న కాల్చి చంపారు. ఊరికే జరిగిపోలేదులే, ఆ రోజుల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కానీ నాకు పట్టుకున్నది ఆ బాల్కనీ క్షణమే. పక్కవాడు కూడా మనసులో ఇదే అనుకుంటున్నాడని జనానికి తెలిసిపోయింది, అది చివరగా తెలిసింది ఆయనకే.

మనస్తత్వ శాస్త్రవేత్త మిల్‌గ్రామ్ 1961లో యేల్ యూనివర్సిటీలో మొదలెట్టిన ప్రయోగాల్లోనూ ఇదే కనిపిస్తుంది. కోటు వేసుకున్న ఒకాయన "కానివ్వండి" అంటుంటే, ప్రయోగానికి వచ్చినవాళ్ళు అవతలి గదిలో మనిషికి కరెంటు షాకులు పెంచుకుంటూ పోవాలి. షాకులు ఉత్తుత్తివే, ఇచ్చేవాళ్ళకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్ళారు. అదే ఆయన బయటికెళ్ళి ఫోన్లో చెబితే చివరిదాకా వెళ్ళినవాళ్ళు ఇంచుమించు ఐదో వంతే, పైగా కొందరు తక్కువ షాకు ఇస్తూ చెప్పినంతే ఇస్తున్నామని అబద్ధమాడారు! ఇంకోసారి పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చెయ్యం" అని లేచారు, అప్పుడు 40 మందిలో చివరిదాకా వెళ్ళింది నలుగురే.

ఇళ్ళల్లో ఇంకా చిత్రం. మా చిన్నాన్న గొంతు పెంచడం నేనెప్పుడూ చూడలేదు. నచ్చకపోతే కంచం రెండంగుళాలు ముందుకి తోసేవాడు, అంతే, ఇల్లంతా ఆయన చుట్టూ చేరి బతిమాలేది. ఎవరు ఏ కోర్సు చదవాలి, ఎవరికి అప్పివ్వాలి, అన్నీ ఆ రెండంగుళాలే తేల్చేవి. ఒకరోజు మా చెల్లెలు "ఆకలేస్తే తింటాడులే" అని తన అన్నం తాను కలుపుకుంది. ఎవరూ లేవలేదు. కాసేపటికి కంచం దానంతటదే వెనక్కొచ్చింది. అరిచేవాడికి ఎదురు చెప్పొచ్చు గానీ అలిగేవాడికి ఎలా చెబుతాం, అందుకే అలక అంతకాలం చెల్లుబాటైంది.

ప్రభుత్వాల్లో అయితే కోర్టులు, ప్రతిపక్షం, ఆడిట్ అని కాదనే పని కొందరికి అప్పజెబుతారు. అవి సరిగ్గా నడవని చోట్లు బోలెడు, అది వేరే సంగతి. అసలు కిటుకు ఏంటంటే, కాదన్నవాడి తిండి నువ్వు ఆపలేకపోవాలి. నీ టీమ్‌లో అలాంటివాళ్ళు ఎవరున్నారు చెప్పు? అప్రైజల్ రాసేది నువ్వే, సెలవిచ్చేది నువ్వే. కాబట్టి మీటింగ్‌లో నీ అభిప్రాయం ముందు చెప్పకు, అందరికన్నా జూనియర్‌తో మొదలెట్టు. ఎవరైనా తప్పు పడితే థాంక్స్ చెప్పి ఊరుకోకు, వాళ్ళు చెప్పినదాంట్లో ఒక్కటైనా మార్చు, మిగతావాళ్ళు చూసేది అదే.

అన్నట్టు, కొత్తగా చేరిన కుర్రాడు నీ లెక్కలో తప్పుందని అందరి ముందూ అన్నాడని ఒక్క ముక్క రాసి వదిలేశావు. నువ్వేమన్నావో రాయలేదేంట్రా?