మన సంగీతం టీచరుగారి సంస్మరణ సభ: ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు

మిత్రులందరికీ నమస్కారం.

మన సంగీతం టీచరుగారి సంస్మరణ సభను ఆమె పాఠం చెప్పిన బడి హాలులోనే జరుపుకుంటున్నాము. మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లోనూ (వేగాల్లోనూ) కుదిరేదాకా గీతం అనే తొలి పాట జోలికి పోనివ్వని ఆమె పట్టుదలను, గొంతు పలకని పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఆదితాళం వేయించిన ఆమె ఓర్పును (ఆ పిల్లల్లో నేనూ ఒకడిని) మనం మరచిపోలేము. అందువల్ల ఉపన్యాసాలకు ముందు అందరం కలిసి ఆ స్వరాలే పాడుదాము.

శ్రుతిపెట్టె ఉన్నవారు దయచేసి తీసుకురండి. పాత ఫోటోలను, ఆమె చేతిరాత ఉన్న నోటుపుస్తకాల పేజీలను శుక్రవారంలోగా ఇక్కడ పంపండి. రాలేనివారు తమ జ్ఞాపకాన్ని 2 నిమిషాలకు మించకుండా రికార్డు చేసి పంపితే సభలో వినిపిస్తాము.

భోజనాల ఏర్పాటు కోసం, వచ్చేవారు గురువారం రాత్రిలోగా తప్పక తెలియజేయగలరు.