ఆ 118 ఏ మీటరు చెప్పింది?

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన నిమజ్జనం వార్త గురించి ఈ ఉత్తరం. చదివిన రోజే రాయబోతే, కోపం తగ్గాక రాయమని మా ఆవిడ అంది. తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

‘118 డెసిబెళ్ల మోత’ అని పెద్ద అక్షరాల్లో వేశారు. పక్కనే ఫొటో. అధికారి గారు డీజే బండి స్పీకరు జాలీకి జానెడు దూరంలో మీటరు పట్టుకుని నిలబడ్డారు. గాలి హోరు పడకుండా మైకు మీద ఉండాల్సిన స్పాంజి టోపీ లేదు. తెర మీద ‘మ్యాక్స్’ అన్న మాట మీ ఫొటోలోనే చక్కగా కనబడుతోంది. అంటే ఎవడో టపాకాయ పేల్చినా, పక్కనున్నాయన ఈల వేసినా ఆ అంకె అక్కడే బిగుసుకుపోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్పేది సగటు గురించి. లౌడ్‌స్పీకరు మోత కొలవాల్సింది ఆ స్థలం సరిహద్దు దగ్గర. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45. లౌడ్‌స్పీకరుకైతే దాని మీద మరో 10 దాకా ఓర్చుకుంటారు, ఎక్కడైనా సరే 75 దాటకూడదు. జానెడు దూరంలో కొలిస్తే పెళ్లి భజంత్రీలు కూడా నేరస్తులే.

డీజేల తరఫున మాట్లాడుతున్నానని అనుకోకండి. 32 ఏళ్లు మైక్‌సెట్ నడిపిన నాకే ఆ బండ్లు వీధిలోకొస్తే గుండె అదురుతుంది. చిక్కల్లా ఆ అదురు మీటర్లో పడకపోవడమే. నియమాల్లో రాసిన ‘ఎ’ స్కేలు, అంటే మన చెవి వినే తీరును బట్టి కొలిచేది, 50 హెర్ట్జ్ బేస్‌లో 30 డెసిబెళ్లు కోసేసి చూపిస్తుంది. సన్నాయికి మాత్రం ఏమీ తగ్గించదు, పైగా ఒక పిసరు కలుపుతుంది. పోనీ బేస్‌ను పెద్దగా కోయని ‘సి’ స్కేలులో చూద్దామంటే చవక మీటరుకు అక్కడ చెవుడు.

నా దగ్గరా అలాంటిదొకటుంది, ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి కొన్నాను. ఇంట్లో మా అబ్బాయి పెట్టుకున్న చిన్న రికార్డింగ్ గదిలో రెండు స్పీకర్లు సమానం చేయడానికి బాగానే పనికొస్తుంది. అక్కడ కుడి ఎడమల తేడా తెలిస్తే చాలు, అసలు అంకెతో పనిలేదు. కిందటేడు ఒక ఫంక్షన్ హాలు పనికొచ్చిన ఇంజినీరు దగ్గర క్లాస్ 1 మీటరు (బాగా కచ్చితమైన రకం), మీటరు సరిచూసేందుకు 94 డెసిబెళ్ల కూత పెట్టే కాలిబ్రేటరు ఉంటే పోల్చి చూశాం. కాలిబ్రేటరు కూతకు నాది 93 చూపించింది. పర్లేదే అని మురిసిపోయాను. తర్వాత బేస్ దంచే పాట పెట్టి ‘సి’లో చూస్తే ఆయనదానికీ నాదానికీ 7 తేడా! ఫోన్లో యాప్ అయితే ఎంత పెంచినా 90 దగ్గరే చతికిలపడింది. ఫోను మైకు మాట కోసం చేసింది, మోత కోసం కాదు. మీరేమో వార్త చివర ‘యాప్‌తో మీరూ కొలవండి’ అని సలహా ఇచ్చారు.

డెసిబెళ్లలో 7 అంటే శక్తిలో ఐదు రెట్లు. కూరగాయల తూకంలో అంత తేడా వస్తే బజారంతా పోగవుతుంది. కిరాణా కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖ సీలు లేకపోతే జరిమానా. జరిమానా రాసే మీటరు సంగతి ఎవరికీ పట్టదు. మా బంధువుల పెళ్లిలో ఇలాగే మీటరుతో వచ్చిన ఒకాయన్ని అడిగాను, “సార్, దీన్ని ఎప్పుడు కాలిబ్రేట్ చేయించారు?” అని. ఆయన మీటరు తిరగేసి, వెనక మూత తీసి చూపించి, “మొన్ననే కొత్త సెల్లు వేశామండీ” అన్నారు.

హైదరాబాద్‌లో అబిడ్స్, తార్నాక లాంటి చోట్ల శబ్దం కొలిచే స్టేషన్లున్నాయి. మా ఊళ్లకు ఈ చేతి మీటర్లే దిక్కు. అవైనా నాయకుల సభల దగ్గర బయటికి రావు. మా పెద్దాసుపత్రి ముందు ‘సైలెన్స్ జోన్’ బోర్డు కిందే లారీలు ఎయిర్ హారన్లు కొడతాయి. అక్కడ మీటరు పట్టుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

బంగారం ధర వేసేటప్పుడు 22 క్యారట్లా, 24 క్యారట్లా అని మరీ వేస్తారు మీరు. డెసిబెళ్లకొచ్చేసరికి ఏ మీటరు, ఎంత దూరం, ఏ స్కేలు అన్నది ఒక్క ముక్క ఉండదు. ఆ 118 చూపించిన మీటరు మోడలు, క్లాసు, కాలిబ్రేషన్ తేదీ కనుక్కుని రెండు లైన్లు వేయండి. ముందు దసరా ఊరేగింపులున్నాయి. కాలిబ్రేటరు లేదంటే ఆ ఇంజినీరు ఫోన్ నంబరు నా దగ్గరుంది, ఇస్తాను.

— ఒక పాత మైక్‌సెట్ ఆపరేటర్
(పేరు వేయవద్దు)