పైలట్ కళ్ల మీదే భారం వేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

సైనిక విమానాలు, పౌర విమానాలు తక్కువ ఎత్తులో ఢీకొనడం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. వివరాలు బాగానే ఇచ్చారు. కానీ చివరికి వచ్చేసరికి నెపమంతా పైలట్లు సరిగ్గా చూడకపోవడం మీదికి నెట్టేశారు. చిన్న శిక్షణ విమానాల్లో కుడి సీట్లో కూర్చుని ఏళ్ల తరబడి ఫ్లయింగ్ నేర్పినవాణ్ణి. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

బయటికి చూడమని మేమూ మొదటిరోజు నుంచే పోరుపెడతాం. అయితే చూస్తే ఏం కనిపిస్తుంది? పక్కనుంచి వెళ్లిపోయే విమానం అద్దంలో కదులుతూ ఉంటుంది కాబట్టి కంట్లో పడుతుంది. సరిగ్గా మనల్ని గుద్దబోయేది మాత్రం కదలదు. చుక్కలా ఒకేచోట ఉండిపోతుంది. అద్దానికి అంటుకున్న పురుగు మరకకీ దానికీ తేడా తెలియదు. చివరి రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా పెద్దదైపోతుంది.

ఎదుటి విమానాన్ని చూసి, గుర్తుపట్టి, ప్రమాదమని గ్రహించి, కంట్రోల్స్ తిప్పితే విమానం పక్కకు జరిగేసరికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క. 420 నాట్ల (గంటకు దాదాపు 780 కిలోమీటర్ల) వేగంతో వచ్చే ఫైటర్, 90 నాట్లతో (దాదాపు 165 కిలోమీటర్లతో) పోయే సెస్నా అనే చిన్న విమానం ఎదురెదురైతే, ఢీకొనడానికి 12.5 సెకన్ల ముందు వాటి మధ్య దూరం మూడు కిలోమీటర్ల పైమాటే. అంత దూరంలో సెస్నా రెక్కల వెడల్పు మొత్తం చెయ్యి చాచి పట్టుకున్న నువ్వుగింజంత! ఫైటర్ కాస్త పైనుంచి వస్తుంటే, కింద పొలాలు, చెట్ల రంగుల్లో ఆ గింజ కూడా కలిసిపోతుంది.

2015 జులై 7న అమెరికాలో సౌత్ కరోలినాలోని మాంక్స్ కార్నర్ దగ్గర ఎఫ్-16 ఫైటర్, సెస్నా 150 దాదాపు 1,470 అడుగుల ఎత్తులో ఢీకొన్నాయి. సెస్నా పైలట్ నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌తో మాట్లాడటం లేదు. అక్కడ మాట్లాడి తీరాలన్న నిబంధన కూడా లేదు. ఎదురుగా రెండు మైళ్లలో విమానం ఉందని కంట్రోలర్ ఎఫ్-16 పైలట్‌కు చెప్పారు. అది కనబడకపోతే ఎడమకు తిరగమన్నారు. అలా షరతు పెట్టి చెప్పేసరికి పైలట్ వెతికాడు, మళ్లీ అడిగాడు, ఆ తర్వాతే తిరగడం మొదలుపెట్టాడు. సెస్నాలోని ఇద్దరూ చనిపోయారు. ఫైటర్ పైలట్ ఎజెక్ట్ అయ్యి బతికాడు. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ కంట్రోలర్‌ను తప్పుపట్టింది. చూసి తప్పించుకునే పద్ధతికి ఉన్న పరిమితులూ ఒక కారణమేనని తేల్చింది.

ఇక వాషింగ్టన్. 2025 జనవరి 29 రాత్రి రీగన్ ఎయిర్‌పోర్టులో దిగబోతున్న సీఆర్‌జే-700 ప్రయాణికుల విమానాన్ని ఆర్మీ బ్లాక్‌హాక్ హెలికాప్టర్ ఢీకొట్టి 67 మంది పోయారు. అక్కడ హెలికాప్టర్లకు గీసిన దారిలో అవి 200 అడుగులు దాటకూడదన్నది అప్పటి నిబంధన. ఈ బ్లాక్‌హాక్ దాదాపు 280 అడుగుల ఎత్తులో ఉంది. ఆ తప్పు లేదని నేననను. అయితే 200 అడుగుల్లోనే ఎగిరినా, ఆ దారికీ 33వ నంబర్ రన్‌వేకి దిగే విమానాల మార్గానికీ మధ్య ఒకచోట 75 అడుగులే మిగులుతుందని ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. బ్లాక్‌హాక్ పొడవే దాదాపు 65 అడుగులు! ఇంత ఇరుకు దారి గీసి, మిగతాది హెలికాప్టర్ సిబ్బంది కళ్లకు వదిలేశారు. విమానం కనిపిస్తోందని వాళ్లు చెప్పారు, కంట్రోలర్ సరేనన్నారు. రాత్రిపూట ఊరి దీపాల మధ్య, నైట్‌విజన్ గాగుల్స్‌లోంచి ఏ వెలుగు ఏ విమానానిదో తేల్చుకోవడం ఎంత కష్టమో రాత్రి ఎగిరినవాళ్లను అడగండి.

పెద్ద విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే టీక్యాస్ ఉంటుంది కదా అంటారు. సుమారు వెయ్యి అడుగుల లోపు అది పైకెళ్లమనో కిందికి దిగమనో చెప్పదు. నేల దగ్గర అలా చెప్పడమే ప్రమాదం కాబట్టి అలా పెట్టారు. ట్రాఫిక్ ఉందని మాత్రం అంటుంది. ఆ రాత్రీ అంతే జరిగింది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది వేరే ఉంది. తానెక్కడున్నదీ చుట్టుపక్కల వాళ్లకు తెలిపే ఏడీఎస్-బీ సంకేతం ఆ బ్లాక్‌హాక్ నుంచి రావడం లేదు. యుద్ధంలోనో, రహస్య పనిమీదో ఉంటే సరే. అది పైలట్ నైపుణ్యాన్ని పరీక్షించే శిక్షణ ప్రయాణం. దాంట్లో దాచేదేముంది? 1971లో కాలిఫోర్నియాలో ప్రయాణికుల డీసీ-9ను ఫాంటమ్ అనే సైనిక ఫైటర్ ఢీకొట్టి 50 మంది పోయినప్పుడూ, రాడార్‌కు తన ఉనికి తెలిపే ఫాంటమ్ ట్రాన్స్‌పాండర్ పనిచేయడం లేదు. అది చాలా ఎత్తులో జరిగింది, నిజమే. కానీ జబ్బు ఇదే.

ఇవన్నీ ముందు తెలియదా అంటే, తెలుసు. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు వరకు రీగన్ దగ్గర విమానాలు, హెలికాప్టర్లు మైలు లోపు దూరంలోకి, 400 అడుగుల లోపు ఎత్తు తేడాలోకి వచ్చిన సందర్భాలు 15,214. అందులో 85 మరీ దగ్గరగా వచ్చినవి. లెక్కలన్నీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. హెలికాప్టర్లను ఆ దారి నుంచి తప్పించింది మాత్రం ప్రమాదం తర్వాతే.

ఇంకోసారి ఇలాంటి వార్త వస్తే, పైలట్‌కు ఎన్ని గంటల అనుభవం ఉందన్నది తర్వాత రాద్దురుగాని. సైనిక విమానం తన స్థానాన్ని తెలియజేస్తోందా, రెండు దారుల మధ్య ఎన్ని అడుగులు వదిలారు, ఆ దారి గీసి ఆమోదించింది ఎవరు? ముందు ఇవి అడిగి రాయండి.

– ఒక మాజీ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్